ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము

(ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ ఉపవాస దినాల్లో ఒక శుక్రవారం సాయంత్రం ఒంగోలులో జరిగిన కూడికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. లూకా సువార్త 13వ అధ్యాయం, 1 నుంచి 9 వచనాలు తీసి పెట్టుకోండి. ఫోన్‌లో చూసేవాళ్ళు ఫోన్‌లోనే చూడండి, తప్పేం లేదు. వాట్సాప్ మాత్రం తెరవొద్దు. ఎందుకంటే ఈ అధ్యాయం మొదలయ్యేదే వాట్సాప్‌లో వచ్చేలాంటి కబురుతో.

ఏమిటా కబురు? గలిలయ నుంచి బలులు అర్పించడానికి వెళ్ళినవాళ్ళను రోమా అధిపతి పిలాతు చంపించాడు. వాళ్ళ నెత్తురు, వాళ్ళు తెచ్చిన బలుల నెత్తురు కలిసిపోయాయి. ఎంత ఘోరం! ఈ కబురు మోసుకొచ్చినవాళ్ళు యేసు దగ్గర ఏం విందామనుకున్నారు? పిలాతును తిడతాడనుకున్నారేమో. లేకపోతే "వాళ్ళు ఏదో చేసే ఉంటారు, అందుకే అలా అయింది" అనే మాట కోసం చూశారేమో. మనకూ ఆ అలవాటుంది కదా? హైవే మీద కారు బోల్తా పడిందని టీవీలో వస్తే ముందు "అయ్యో" అంటాం. ఆ వెంటనే ఏమంటాం? "తాగి నడిపాడా? సీటు బెల్టు పెట్టుకోలేదా?" ఎందుకు అడుగుతాం? అలాంటిది మనకు జరగదని ధైర్యం తెచ్చుకోడానికి. అంతేనా కాదా? చెప్పండి.

యేసు ఆ ధైర్యాన్ని మిగల్చలేదు. పైగా తనే ఇంకో కబురు కలిపాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది పోయారు, యెరూషలేములో ఉన్న మిగతా వాళ్ళందరికన్నా వాళ్ళు ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని అడిగాడు. కాదన్నాడు. ఆ తర్వాత చూపు ఎటు తిప్పాడు? అడిగినవాళ్ళ వైపు. "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు." పోయినవాళ్ళ ఖాతా తెరుద్దామని వస్తే, ఆయన వచ్చినవాళ్ళ ఖాతా తెరిచాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను. మన మధ్య ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. "మీ పాపం వల్లే ఇలా అయింది" అని మీతో ఎవరైనా అని ఉంటే, పాస్టరే అని ఉన్నా సరే, ఆ మాట ఈ అధ్యాయం ముందు నిలవదు. గోపురం కింద పడి చచ్చినవాళ్ళు ఎక్కువ పాపులు కారని ప్రభువు నోటితోనే చెప్పాడు. ఇది మనసులో పెట్టుకోండి. ముందు ముందు దీంతో పనుంది.

సరే, ఆ వెంటనే యేసు ఒక చెట్టు కథ చెప్పాడు, ఇప్పుడు ఆ సంగతి. ఒకాయన ద్రాక్షతోటలో అంజూరపు చెట్టు ఒకటి ఉంది. ఆయన వచ్చి కాయలు వెతికాడు, లేవు. మూడేళ్ళ నుంచి వస్తున్నాడు. ఇక్కడ బత్తాయి తోటలున్న అన్నలు కొందరున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా. కాపుకి రావలసిన చెట్టు రాలేదు. ఒక ఏడు చూస్తారు. రెండో ఏడు తిట్టుకుంటూ చూస్తారు. మూడో ఏడు? గొడ్డలి తెస్తారా లేదా? అన్న తల ఊపుతున్నాడు, తెస్తాడట. కాబట్టి ఈ యజమానిని మనం దుర్మార్గుడిగా చూడక్కర్లేదు. ఆయన లెక్క తప్పేం కాదు. "దీనివలన ఈ భూమియు ఏల వ్యర్థమై పోవలెను?" అన్నాడు. ఈ మాట మనం గబగబా చదివేసి పోతాం. కాయని చెట్టు ఎవరికీ హాని చెయ్యకుండా ఓ మూల నిలబడి లేదండీ. పక్కనున్న ద్రాక్షతీగలకు వెళ్ళాల్సిన నీళ్ళు అది తాగుతోంది. వాటికి రావాల్సిన ఎండ అది ఆపుతోంది. నేను మారకుండా గడిపే ఒక్కో ఏడాదికి నా పక్కన ఎవరో ఒకరు జరిమానా కట్టినట్టు కట్టుకుంటూ పోతున్నారు. నా భార్యో, నా పనివాడో, నా తమ్ముడో.

అప్పుడు తోటమాలి నోరు విప్పాడు. ఏమన్నాడు? "చెట్టు మంచిదేనయ్యా" అన్నాడా? అనలేదు. "మీ లెక్క తప్పు, మూడేళ్ళు కాలేదు" అన్నాడా? అదీ అనలేదు. "అయ్యా, నేను దానిచుట్టు త్రవ్వి, యెరువు వేయుమట్టుకు ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అన్నాడు. గడువు అడిగాడు, ఆ గడువులో చెయ్యాల్సిన పని తన నెత్తిన వేసుకున్నాడు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. దేవుని దీర్ఘశాంతం అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? ఆయన పైన కూర్చుని, చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడని. ఇంకా ఏమీ అనలేదు కదా, పర్లేదులే అని. పేతురు కాలంలోనే కొందరు ఇలా వెక్కిరించారు, ఆయన వస్తానన్న మాట ఏమైంది అని. దానికి పేతురు ఏం రాశాడో రెండో పత్రిక 3వ అధ్యాయం 9వ వచనంలో చూడండి. "ఎవడును నశింపవలెనని యిచ్ఛయింపక, అందరు మారుమనస్సు పొందవలెనని కోరుచు, మీయెడల దీర్ఘశాంతము గలవాడైయున్నాడు." ఊరుకున్నవాడు ఇలా కోరుకుంటూ కూర్చోడు. ఆ తోటలో ఆ ఏడాదంతా ఒకడు పాదు తవ్వుతున్నాడు, పెంట మోస్తున్నాడు. చెట్టుకు ఇచ్చింది సెలవు కాదు.

తవ్వడమంటే చెట్టుకు సుఖంగా ఉంటుందా? పార దిగితే సన్న వేర్లు తెగుతాయి. ఎరువు వేస్తే పది రోజులు ఆ పక్కకి పోలేం. అయితే ఇందాక మనసులో పెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. మీ ఇంట్లో చావును చూపించి, మీ రోగాన్ని చూపించి, ఇదిగో దేవుడు తవ్వుతున్నాడు అని నేను అనను. ఆ తొమ్మిది వచనాల్లోనే ప్రభువు ఆ దారి మూసేశాడు. మరి తవ్వకం ఏది? నాకు తెలిసినంతలో, మనకు ఇష్టం లేని నిజాన్ని మన దగ్గరకు తెచ్చే మనిషి. దావీదు రాజు దగ్గరకు నాతాను ప్రవక్త వచ్చినట్టు. ఊరియా భార్య బత్షెబతో చేసిన పాపం, ఆ ఊరియాను చంపించిన సంగతి, అన్నీ కప్పేసుకుని బిడ్డ పుట్టేదాకా దావీదు రాజ్యం ఏలుతూనే ఉన్నాడు. బయటికి ఏం తేడా లేదు. లోపల? "నేను మౌనినైయుండగా నా యెముకలు క్షీణించినవి" అని దావీదు 32వ కీర్తనలో ఉంది. అలాంటి మనిషి దగ్గరకు దేవుడు పిడుగును పంపలేదు, కథ చెప్పే ప్రవక్తను పంపాడు. మీ ఇంట్లో నాతాను ఎవరు? భోజనాల దగ్గర ఒక మాట అని, మీరు కోపంగా కంచం ముందు నుంచి లేచిపోయేలా చేసినవాళ్ళు ఎవరు? ఆలోచించండి.

కొండ మీది ప్రార్థన

ఒంగోలులో కూర్చుని ఈ వాక్యం చదువుతూ మన సొంత సంగతి చెప్పుకోకపోతే ఎలా? పిల్లలకు తెలియాలి. పెద్దలు ఓపిక పట్టండి.

సామ్యూల్ డే అనే మిషనరీ దొరగారు అమెరికా నుంచి 1836లో ఈ దేశానికి వచ్చారు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడుస్తున్నాయి, సంఘంలో మనుషులు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలో ఆల్బనీ అనే ఊళ్ళో మిషన్ వాళ్ళ సమావేశం జరిగింది. అక్కడ వచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? తెలుగు మిషన్ మూసేద్దామా అని. ఖర్చు అవుతోంది, ఫలం లేదు. అంజూరపు చెట్టు లెక్కే! పటంలో ఒంటరి నక్షత్రంలా ఒకటే స్టేషన్ కనిపిస్తోందని ఎవరో అంటే, సామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ మాట మీదే పద్యం రాసి వినిపించారు. మూసివేత ఆగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరులో మిషనరీగా ఉన్న జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు జూలియమ్మ, మరికొందరు మన ఈ కొండెక్కి ప్రార్థన చేశారు. ప్రార్థన కొండ అంటున్నామే, అదే. 1862లో ఆరోగ్యం చెడి జ్యూయెట్ గారు అమెరికా వెళ్తే, మళ్ళీ అదే పాట, మూసేద్దాం. ఒక్కణ్ణయినా తిరిగి వెళ్తాను, తెలుగువాళ్ళ మధ్యే చస్తాను అన్నారాయన. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఇంకొకర్ని పంపాలి అన్నారట బోర్డువాళ్ళు. అలా క్లౌ దొరగారు 1865లో వచ్చారు, మరుసటి ఏడు ఒంగోలు చేరారు.

ఇక్కడిదాకా చాలామంది చెప్తారు. నాకు అడగాలనిపించే ప్రశ్న వేరే ఉంది. ఇన్నేళ్ళూ ఫలించనిది ఎవరు? అమెరికాలో పద్దు రాసినవాళ్ళ దృష్టిలో తెలుగు జనం. నిజమేనా? తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య గారు, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి, 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్ళ మధ్యకు వెళ్ళి చెప్పుకుంటూ తిరిగారు. అక్కడ జనం వినడానికి సిద్ధంగానే ఉన్నారు. మరి ఇబ్బంది ఎక్కడొచ్చింది? ఒంగోలు పెద్ద కులాలవాళ్ళు, "వీళ్ళను చేర్చుకుంటే మేం రాం" అన్నారు. దొరగారు తడబడ్డారు. ఆ రాత్రి ఆయనా ఆయన భార్యా ఎవరికి వాళ్ళు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని చెప్పుకుంటారు, మొదటి కొరింథీ మొదటి అధ్యాయం, "లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." దాంతో తేల్చుకున్నారు, మాదిగపల్లెవాళ్ళు లోపలికి వచ్చారు. నాకేమనిపిస్తుందంటే, ఆ గడువు జనానికంటే సువార్త తెచ్చినవాళ్ళకే ఎక్కువ అవసరమైంది. దేవుడు ఎవరి కోసం ఎదురుచూశాడో మనం అంత తేలిగ్గా తేల్చేయలేం. "ఫలానా వాళ్ళు మారరండీ" అని మనం అనే ప్రతిసారీ ఇది గుర్తుంటే బాగుండు.

తర్వాత 1876 నుంచి 78 దాకా గొప్ప కరువు. తిండి లేక జనం రోడ్ల మీద పడిపోయారు. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇచ్చారు. పేరయ్య గారి లాంటి బోధకులు ఆ తవ్వకం దగ్గరే మేస్త్రీలుగా నిలబడి, సాయంత్రాలు వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం అడుగుతున్నారు. ఏం చేశారు? ఆపేశారు. పదిహేను నెలల పాటు ఒక్క బాప్తిస్మం లేదు. ఎందుకు? కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని, గంజి కోసం ప్రభువు పేరు పెట్టుకోకూడదని. కరువు తగ్గి, ఇచ్చే కూలి అయిపోయాక కూడా వచ్చినవాళ్ళకే ఇచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది.

ఆ 2,222 అంకెను మనం బ్యానర్ల మీద వేసుకుంటాం. జూబిలీలకు క్యాలెండర్లు వేసుకుంటాం. వేసుకోండి, నేను వద్దనను. నా మటుకు నాకు దానికి ముందున్న పదిహేను నెలలే పెద్ద. అడిగినవాడికి వెంటనే "రా" అని పేరు రాసుకోకుండా, నీ మనసు నువ్వే తేల్చుకో అని ఆగడం ఎంత కష్టం! సంఖ్య చూపిస్తే అమెరికాలో సంతోషించేవాళ్ళున్నారు, పాతికేళ్ళుగా మూసేద్దామన్నవాళ్ళ నోరు మూయించొచ్చు. అయినా ఆగారు. ఈ రోజుల్లో మన సభల్లో చేతులెత్తించి లెక్కపెట్టి, అదే రాత్రి ఫేస్‌బుక్‌లో పెట్టడం చూస్తే... సరే, దాని జోలికి ఇప్పుడు వద్దు.

ఫేలిక్కు చేసిన పని

గడువును పాడు చేసుకున్నవాడి గురించి కూడా చెప్పాలి. అపొస్తలుల కార్యములు 24. కైసరయలో రోమా అధిపతి ఫేలిక్కు. పౌలు అతని చేతిలో ఖైదీ. ఒకరోజు భార్య ద్రుసిల్లతో వచ్చి కూర్చుని పౌలును పిలిపించాడు. పౌలు ఏం మాట్లాడాడు? నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు. ఎవరి ముందు? లంచాలు తినే అధికారి ముందు! ఫేలిక్కు మిగుల భయపడ్డాడు అని రాసి ఉంది. చూడండి, వాక్యం తగిలింది. వణికాడు. వణికి ఏమన్నాడు? "ఇప్పటికి వెళ్లుము, నాకు సమయమైనప్పుడు నిన్ను పిలువనంపింతును."

పిలవలేదా? పిలిచాడండీ. మాటిమాటికీ పిలిచాడు. పౌలు డబ్బిస్తాడేమోనని ఆశపడి పిలిచి మాట్లాడుతూనే ఉన్నాడు. రెండేళ్ళు! పౌలు అంతటివాడి ప్రసంగం ఎదురుగా కూర్చుని రెండేళ్ళు విన్నాడు. మనలో ఎవరికైనా ఆ అవకాశం వచ్చిందా? ఆ రెండేళ్ళ చివర బదిలీ అయినప్పుడు యూదుల దగ్గర మంచి పేరు కోసం పౌలును సంకెళ్ళలోనే వదిలేసి పోయాడు. మొదటిరోజు వణికినవాడు తర్వాత వణికాడని ఎక్కడా లేదు. నాకు భయమేసేది ఇక్కడే. గుడికి రానివాడి కోసం మనం ఉపవాసం ఉండి ప్రార్థిస్తాం. క్రమంగా వచ్చి, మొదటి వరసలో కూర్చుని, ప్రసంగం బాగుందని చెయ్యి కలిపి వెళ్ళేవాడి కోసం ఎవరు ప్రార్థిస్తారు? నవ్వకండి, నేనూ మొదటి వరసవాణ్ణే.

యోనా గొడవ ఇంకో రకం. దాన్ని క్లుప్తంగా ముగిస్తాను, టైం అవుతోంది. యోనా ప్రవక్తను దేవుడు పంపింది అష్షూరువాళ్ళ పట్నం నీనెవెకు, దానికి నలభై రోజులు గడువు. వాళ్ళు గోనెపట్ట కట్టుకుని మారారు, దేవుడు శిక్ష ఆపాడు. ప్రవక్తకు కోపం వచ్చింది. నువ్వు బహు శాంతము, అత్యంత కృప గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అన్నాడు. మనమూ అంతే కదా: నా విషయంలో దేవుడు ఓపిక పట్టాలి, నన్ను బాధపెట్టినవాడికి మాత్రం తీర్పు కావాలి. యోనాను చూసి నవ్వడం తేలికే కానీ, అష్షూరువాళ్ళ చేతిలో దెబ్బతిన్న జనంలోనివాడు ఆ యోనా. అతని బాధ ఉత్తది కాదు. అందుకే దేవుడు కూడా అతన్ని కసరలేదు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మంది ఉన్నారయ్యా, పశువులు కూడా ఉన్నాయి, నేను విచారపడొద్దా అని అడిగాడు. ఆ పుస్తకం ఆ ప్రశ్నతోనే ఆగింది.

అయితే బాధపడినవాడి సంగతేమిటి? నన్ను మోసం చేసినవాణ్ణి దేవుడు ఓపికగా చూస్తుంటే, నా సొమ్ము ఎవరిస్తారు? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గర జవాబుంది. "మారుమనస్సునకు తగిన ఫలములు ఫలించుడి" అంటే జనం, మేమేం చెయ్యాలి అని అడిగారు. ఎక్కువ ప్రార్థించండి అనలేదాయన. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి అన్నాడు. పన్ను వసూలు చేసేవాళ్ళతో, "మీకు నిర్ణయింపబడిన దానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించొద్దు, జీతంతో సరిపెట్టుకోండి అన్నాడు. చూశారా, అన్నీ డబ్బుతో, బట్టతో, ఉద్యోగంతో పని! పన్ను వసూలు చేసే జక్కయ్య కూడా అంతే. యేసును చూడ్డానికి ఎక్కిన చెట్టు దిగిన రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. యెరికోలో ఆ సాయంత్రం ఎన్ని ఇళ్ళలో దీని గురించి మాట్లాడుకుని ఉంటారు! అంజూరపు చెట్టు కాస్తే కాయలు తినేది చెట్టా? ఇంకొకరు.

కాబట్టి మన ఊరి మాటల్లో చెప్పుకుందాం. పక్కవాడి పొలం గట్టు ఉంది. ప్రతి దుక్కికీ నాగలి జానెడు లోపలికి తోయడం, ఇప్పుడు ట్రాక్టరు కాబట్టి మూరెడు. పదేళ్ళకు ఎన్ని సెంట్లు కలిసొచ్చాయి? ఆ సెంట్ల మీద నిలబడి స్తోత్రం అంటే ఎవరు వింటారు? అప్పు తీరిపోయినా బీరువాలో ప్రోనోటు అలాగే పెట్టుకున్నవాళ్ళు, చించకుండా, "ఎందుకైనా మంచిది" అని. చీటీ పాటలో ఒక ఆడకూతురికి ఇవ్వాల్సింది వచ్చే నెల, వచ్చే నెల అని తిప్పుతున్నవాళ్ళు. కోడలి పుట్టింటి బంగారం కుదువపెట్టి, విడిపించే ఊసే ఎత్తనివాళ్ళు. ఎవరి పేరూ చెప్పడం లేదు. అటు ఇటు చూడకండి, దయచేసి ముందుకే చూడండి.

తోటమాలి మాట చివర ఏముంది? "అది ఫలించిన సరి, లేనియెడల నరికించివేయుము." అంత ప్రేమగా గడువు అడిగినవాడే గొడ్డలిని కూడా ఒప్పుకున్నాడు. తర్వాత ఏడు చెట్టు కాసిందా? లూకా రాయలేదు. చదివినవాళ్ళు ఎప్పుడూ అడుగుతారు, అయ్యగారూ, కాసిందా అని. నాకేం తెలుసమ్మా, అక్కడ లేదు.

పని చెప్పి ముగిస్తాను. ప్రార్థన అయ్యాక సంఘపెద్దలు ఇద్దరు ఆఫీసు గదిలో కూర్చుంటారు. అప్పు సంగతైనా, గట్టు సంగతైనా, చీటీ అయినా, బంగారమైనా, ఎవరికైనా తిరిగివ్వాల్సింది ఉండి ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే వెళ్ళి మాట్లాడండి. కాగితాలుంటే రేపు తెచ్చుకోండి. అవతలివాళ్ళు మన సంఘం కాకపోయినా, మన మతం కాకపోయినా సరే, మేమే వాళ్ళ ఇంటికి వస్తాం. ఇంకోమాట, అలా ఇవ్వాల్సిన డబ్బు కానుకల పెట్టెలో వేస్తానంటే నేను ఒప్పుకోను. అది ఎవరిదో వాళ్ళ చేతికే వెళ్ళాలి. వచ్చే శుక్రవారం లూకా 15 చదువుకుని రండి. ఇప్పుడు ప్రార్థన చేసుకుందాం, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూర్చునే ఉండండి.